నాయకుని ఇల్లు – ప్రజల న్యాసము



వాణిజ్యగ్రామమున ఆనందుడను గృహస్థుడు ఉండెను. ఉపాసకదశాంగ సూత్రము చెప్పు పదిమంది శ్రావకులలో ఆతడు మొదటివాడు. ఆతనికి 12 కోట్ల బంగారు నాణెముల ఆస్తి కలదు. అందులో 4 కోట్లు భూమిలో నిక్షేపముగా నుండెను. 4 కోట్లు వడ్డీకి తిరుగుచుండెను. 4 కోట్లు ఇంటి సామగ్రి రూపమున నుండెను. మందకు 10 వేల చొప్పున నాలుగు గోవుల మందలు, పొలము దున్నుటకు 500 నాగళ్లు కూడ కలవు. ఇంతటి సంపన్నుడు మహావీర భగవానుని సన్నిధిలో శ్రావక వ్రతములు గైకొన్న నాడు, భూమిలో పాతిపెట్టిన దానితో సహా ఒక్కొక్కటే లెక్క చెప్పి, ఇంతకు మించి కూడబెట్టనని హద్దు పెట్టుకొనెను.

సర్వజ్ఞుడైన భగవానునికి ఆతడు చెప్పినందువలన క్రొత్తగా తెలిసినదేమియు లేదు. అయినను ఆనందుడు తన నోటితోనే చెప్పెను. లెక్క చెప్పుటవలన మొదట శుద్ధిపడునది చెప్పువాని మనస్సే గదా! పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టిన ప్రతి గృహస్థునికి ఇది తెలిసిన సంగతియే.

నేటి భారతదేశమున ఇటువంటి లెక్క మరియొకచోట కూడ చెప్పవలసి వచ్చుచున్నది. శాసనసభకుగాని పార్లమెంటుకుగాని పోటీచేయు ప్రతివాడును నామినేషనుతో పాటు 26వ ఫారము అను ప్రమాణపత్రమును దాఖలు చేయవలెను. తన ఆస్తి, తన భార్య లేక భర్త ఆస్తి, తనపై ఆధారపడినవారి ఆస్తి, అప్పులు, చదువు, తనపై నడచుచున్న క్రిమినలు కేసులు అందులో వ్రాయవలెను. ఈ నియమము తేలికగా వచ్చినది కాదు. 1999లో ప్రజాస్వామ్య సంస్కరణల సంఘమువారు ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2002 మే 2వ తేదీన సుప్రీంకోర్టు, అభ్యర్థిని గూర్చి తెలిసికొను హక్కు ఓటరుకు కలదని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టము సవరించి, ఆ తీర్పు ఏమి చెప్పినను చట్టములో నున్నంతకు మించి అభ్యర్థి తెలుపనక్కరలేదనెను. 2003 మార్చి 13వ తేదీన సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసెను. భార్య ఆస్తి అడుగుట ఆమె ఆంతరంగిక స్వేచ్ఛకు భంగము గాదా అను ప్రశ్న కూడ అప్పుడు చర్చకు వచ్చినది. ఓటరు తెలిసికొను హక్కే అక్కడ పెద్దదని తేలినది.

అయినను జగడము తీరలేదు. పదవిలో నున్నవాడు, "నా ఇంటి సంగతి ఊరికేల?" అనును. ఊరివారు, "ఓటు అడుగ వచ్చినవానికి దాపరికమెందులకు?" అందురు. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. ఏ కొంత ఎవరిది అను తూకము వేయుటకు శ్రావకుడు దూరము పోనక్కరలేదు. ఆతడు పట్టిన సత్యాణువ్రతములోనే ఆ త్రాసు కలదు.

తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయమున ఒక్కొక్క అణువ్రతమునకు ఐదేసి అతిచారములు చెప్పబడినవి. అతిచారమనగా వ్రతము పూర్తిగా విరుగకున్నను దానికి పట్టు మచ్చ. సత్యవ్రతమునకు పట్టు మచ్చలలో మొదటిది మిథ్యోపదేశము, అనగా ఎదుటివానిని తప్పు త్రోవ పట్టించు బోధ. రెండవది రహోభ్యాఖ్యానము. ఆలుమగలు ఏకాంతమున నడపిన దానిని వీధికెక్కించుట ఇది. మూడవది కూటలేఖక్రియ, అనగా దొంగపత్రము వ్రాయుట, ఒకడు అననిది అన్నట్లు, చేయనిది చేసినట్లు కాగితము పుట్టించుట. నాలుగవది న్యాసాపహారము. నమ్మి దాచుకొన్న సొమ్మును అపహరించుట ఇది. ఐదవది సాకారమంత్రభేదము. ముఖకవళికలను బట్టి, సైగలను బట్టి ఒకని గుట్టు కనిపెట్టి అసూయచే బయటపెట్టుట.

ఈ ఐదింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. దొంగలెక్క వ్రాయుట, దాచిన సొమ్ము మ్రింగుట సత్యవ్రతమునకు దోషములనుట ఎవనికైన తోచును. ఒకరి పడకటింటి మాట నిజమే అయినను దానిని చాటుట కూడ అదే వ్రతమునకు దోషమని చెప్పుటయే ఇందలి విశేషము. ఉన్నమాటయే చెప్పితినిగదా అని తప్పించుకొనుటకు వీలులేదు. లెక్క దాచరాదు, గుట్టు చాటరాదు అను రెండును ఒకే వ్రతపు రెండు అంచులు. నాయకునికి మొదటిది ముఖ్యము, ప్రజకు రెండవది ముఖ్యము. ఒక అంచు పట్టుకొని రెండవ అంచు విడచినవాడు వ్రతము నిలిపినవాడు కాడు.

ఇక న్యాసాపహారమును గూర్చి పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధిలో ఇచ్చిన వివరణము వర్తకులెల్లరు మనస్సున నిలుపుకొనదగినది. ఒకడు బంగారమో ధనమో తెచ్చి దాచమని ఇచ్చెను. కొంతకాలమునకు ఎంత ఇచ్చినది మరచిపోయి, తక్కువ సంఖ్య చెప్పి అడిగెను. పుచ్చుకొన్నవాడు అసలు సంఖ్య తెలిసియుండియు, "సరే, అంతే" అని ఆ తక్కువనే చేతబెట్టెను. ఇదియే న్యాసాపహారము. ఇక్కడ పెద్ద అబద్ధమాడినది లేదు. తాళము పగులగొట్టినది లేదు. ఎదుటివాడు మరచుట చూచి ఊరకుండుట మాత్రమే జరిగినది. అయినను ఆచార్యులు దానిని అపహారమే అనిరి.

ప్రజలు నాయకునివద్ద ఉంచునది ఇట్టి న్యాసమే. పన్ను రూపమున సొమ్ము ఉంచుదురు. ఓటు రూపమున నమ్మకము ఉంచుదురు. ఐదేండ్లకు ఒకసారి వచ్చి లెక్క అడుగునప్పటికి, తాము ఏమి ఉంచితిమో సగము మరచియుందురు. బావి త్రవ్వింతుననిన మాట, బడి కట్టింతుననిన మాట వారికి జ్ఞప్తియుండదు. అప్పుడు "మీరడిగినది ఇంతేగదా" అని తక్కువ చేతబెట్టు నాయకుడు చట్టమునకు దొరకకపోవచ్చును. చిట్టా, ఆవర్జా సరిచూచుకొని పదిరూకలు ఎక్కువ వచ్చినవని కొనుగోలుదారుని వెనుకకు పిలిచి ఇచ్చు చిన్న అంగడివాడు, ఈ ఒక్క విషయమున అట్టి నాయకునికంటె పెద్దవాడు.

అట్లని నాయకునికి ఇల్లే ఉండరాదా? ఉండవలెను. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, ఆంతరంగిక స్వేచ్ఛ మనుష్యుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. పదవి ఎక్కినంతమాత్రమున ఆ హక్కు పోదు. అయితే హద్దు ఎక్కడ? ఇందులకు 2024 ఏప్రిల్ 9వ తేదీన వచ్చిన మరియొక తీర్పు చక్కని ఉదాహరణము.

అరుణాచల ప్రదేశ్‌లోని తేజు నియోజకవర్గమునుండి 2019లో ఒక స్వతంత్ర అభ్యర్థి శాసనసభకు గెలిచెను. భార్య పేరను కుమారుని పేరను రిజిస్ట్రేషనులో నిలిచియున్న ఒక స్కూటరు, ఒక మోటారు సైకిలు, ఒక వ్యాను ఆతడు ప్రమాణపత్రమున చూపలేదని ఓడినవారు కోర్టుకెక్కిరి. 2023లో గౌహతి హైకోర్టు ఆ ఎన్నికను రద్దుచేసెను. విషయము సుప్రీంకోర్టుకు వచ్చెను. ఆ వాహనములు నామినేషనుకు ముందే అమ్మబడినవి, లేక ఇచ్చివేయబడినవి, పేరు మార్పు మాత్రము జరుగలేదు. కనుక అది ఫలితమును చెరుపదగిన దాపరికము కాదని చెప్పి, సుప్రీంకోర్టు ఎన్నికను నిలిపెను. అంతటితో ఊరకుండక ఒక కొలత కూడ చూపెను. అభ్యర్థి తన బట్టలు, చెప్పులు, గిన్నెలు, కుర్చీలు, కాగితములు అన్నియు లెక్క చెప్పనక్కరలేదు. ఓటరుకు పనిలేని విషయములలో అభ్యర్థికిని ఆంతరంగిక స్వేచ్ఛ కలదు. అయితే ఆ వస్తువు విలువగల ఆస్తియై, ఆతని జీవన విధానమును తెలుపునదైనచో చెప్పితీరవలెను. సాధారణమైన చేతిగడియారము చెప్పనక్కరలేదు, మిక్కిలి వెలగల గడియారములు అనేకము కలవాడు చెప్పవలెను.

వర్తకునికి ఈ కొలత క్రొత్తది కాదు. భాగస్తుడు అంగడి గల్లాపెట్టెనుండి తీసిన ప్రతి కాసునకు లెక్క అడుగుదురు. ఆతని ఇంట ఆ పూట ఏ కూర వండిరో ఎవరును అడుగరు. ఆ కూర గల్లాపెట్టె సొమ్ముతో వచ్చినదను అనుమానము కలిగిననాడు మాత్రము వంటిల్లు కూడ లెక్కలోనికి వచ్చును. నాయకుని ఇంటికిని ఇదే న్యాయము. ఆతని రోగము పదవీబాధ్యతను నిలిపివేయునంతటిదైన ప్రజలకు తెలియవలెను, లేకున్న అది వైద్యునికిని ఆతనికిని నడుమ మాట. ఆతని కుమారుని పెండ్లి ఇంటి శుభకార్యము. ఆ పెండ్లికి గుత్తేదారు సొమ్ము పెట్టెనా, అది ఊరి సంగతి.

ఇంటి సంగతి ఊరి సంగతిగా మారుటకు మరియొక త్రోవ కూడ కలదు. అది అబద్ధము. ఇంగ్లండు దేశమున జాన్ ప్రొఫ్యూమో అను యుద్ధశాఖ మంత్రి ఉండెను. పరస్త్రీతో ఆతనికి కలిగిన సంబంధమును గూర్చి పుకార్లు లేచినవి. ఆమెకు సోవియట్ రాయబార కార్యాలయపు నౌకాదళాధికారితోకూడ పరిచయము కలదని తెలియుటచే దేశరక్షణ ప్రశ్నకూడ వచ్చెను. 1963 మార్చి 22వ తేదీన ఆ మంత్రి కామన్స్ సభలో లేచి, తన నడతలో అనుచితమేమియు లేదని చెప్పెను. సభ నమ్మెను. పదకొండు వారములు గడచునంతలో అది అబద్ధమని ఒప్పుకొని, జూన్ 5వ తేదీన రాజీనామా ఇచ్చెను. స్వదార సంతోష వ్రతము తప్పినది మొదటి దోషము, అది ఆతని ఆత్మకును ఆతని ఇంటికిని తగిలినది. సభలో ఆడిన అబద్ధము రెండవ దోషము, అది దేశమంతటికిని తగిలినది. పదవిని తీసినది ఈ రెండవదే.

అయితే ఆతని కథ అక్కడ ముగియలేదు. తరువాత ఆతడు లండను తూర్పుభాగమున పేదలకొరకు నడచు టాయిన్బీ హాల్ అను సేవాసంస్థలో చేరి, జీతము లేకుండ దశాబ్దములపాటు పనిచేసెను. తన పక్షమున వాదించుచు పత్రికల కెక్కలేదు. 1975లో ఆ సేవకుగాను రాజ్యగౌరవము పొందెను. 2006లో మరణించెను. ఆలోచన, అనగా గురువు ఎదుట దోషమును విప్పిచెప్పుట, దాని వెనుక ప్రాయశ్చిత్తము అను రెండును ఎరిగిన జైనులకు, వేరొక మతమున పుట్టిన ఈ మనుష్యుని తపస్సు అర్థము కాకపోదు. తప్పుచేసినవానిని జీవితాంతము ఆ తప్పుతోనే పిలుచువారు, ప్రాయశ్చిత్తమునకు ఫలము లేదని చెప్పుచున్నట్లే.

దేశములోనే చూడదగినవారు లాల్ బహదూర్ శాస్త్రిగారు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద వంతెన కూలి రైలు పడిపోగా నూరుమందికి పైగా చనిపోయిరి. రైల్వే మంత్రిగా నున్న శాస్త్రిగారు రాజీనామా ఇవ్వజూపిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ సంవత్సరమే నవంబరులో తమిళదేశమున అరియలూరు వద్ద మరియొక ఘోరము జరిగెను. ఈసారి శాస్త్రిగారు పట్టుపట్టి పదవి విడిచిరి. వంతెన వారు కట్టలేదు, రైలు వారు నడుపలేదు. అయినను న్యాసము తమ చేతిలో నున్నప్పుడు కలిగిన నష్టము గనుక జవాబు తమదే అనిరి. వారే ప్రధానమంత్రియైన పిదప ఫియట్ కారు కొనుటకు చేతనున్నది చాలక, పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5 వేల రూపాయలు అప్పు తీసికొనిరి. 1966 జనవరి 11వ తేదీన వారు తాష్కెంటున కాలధర్మము చెందగా, ఆ బాకీని లలితాదేవిగారు తమ పింఛనునుండి తీర్చిరని వారి కుమారులు చెప్పియున్నారు. ఇట్టి ఇంటి తలుపు తెరచియున్నను చూచువారికి కనబడునది బాకీ కాగితమొక్కటే.

ఇంతవరకు నాయకుని మాట. ఇకమీద అంగడివాని మాట కూడ చెప్పక తప్పదు. నాయకుడు ఒంటరిగా చెడడు. ఆతని చేతికి రహస్యముగా ఇచ్చు చేయి ఒకటి ఉండును. ఆ చేయి చాలమారులు వర్తకునిదే.

2018లో ఎన్నికల బాండ్లను పద్ధతి వచ్చెను. 1,000 రూపాయలు మొదలు 1 కోటి రూపాయల వరకు గల బాండ్లను స్టేట్ బ్యాంకులో కొని పార్టీలకు ఇయ్యవచ్చును. ఇచ్చినవాని పేరు ప్రజలకు తెలియదు. ఇచ్చువాని ఆంతరంగిక స్వేచ్ఛను కాపాడుటకే ఇట్లు చేసితిమని ప్రభుత్వము వాదించెను. మొత్తముమీద 16 వేల కోట్ల రూపాయలకు పైగా బాండ్లు అమ్ముడుపోయినవి. 2024 ఫిబ్రవరి 15వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పద్ధతిని ఏకగ్రీవముగా కొట్టివేసెను. అభిమానముతో ఇచ్చు చందాకు ఆంతరంగిక స్వేచ్ఛ కలదనియు, ప్రభుత్వ విధానమును తనవైపు త్రిప్పుకొనుటకు ఇచ్చు సొమ్మునకు ఆ ముసుగు లేదనియు కోర్టు చెప్పెను. మార్చి మాసమున పేర్లు బయటికి వచ్చినవి. దేశము చదివెను.

ఇక్కడ శ్రావకుడు తన గుండెమీద చేయివేసి చూచుకొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. దేవాలయమునకు ఇచ్చిన చందా పలకమీద చెక్కింతురు. గోశాలకు ఇచ్చినది సంచికలో అచ్చువేయింతురు. మరి నాయకునికి ఇచ్చినది మాత్రము ఏ ఖాతాలోను వ్రాయకుండ, గుమాస్తాకు కూడ తెలియకుండ ఏల ఇత్తురు? లైసెన్సు కొరకో, టెండరు కొరకో, తనిఖీ తప్పుటకో ఇచ్చినది దానము కాదని ఇచ్చువాని మనస్సుకే తెలియును. అది కొనుగోలు. అందు అమ్ముడుపోయినది నాయకునివద్ద ప్రజలు దాచుకొన్న న్యాసము. దొంగసొత్తు కొనుట అచౌర్య వ్రతమునకు అతిచారమని అదే ఏడవ అధ్యాయము చెప్పుచున్నది. అట్టి సరకు కొనినవాడు సాయంకాలము అంగడి అరుగుమీద కూర్చుండి, "ఈ కాలపు నాయకులందరు దొంగలే" అనుట వినుటకు బాగుండదు.

భామాశాహ్ ఓస్వాల్ జైనుడు. ఆతడు రాణా ప్రతాపునకు దేశరక్షణ కొరకు తన ధనమిచ్చెను. మేవాడ్ అంతయు ఆ సంగతి నెరుగును, నాలుగు శతాబ్దములు దాటినను చెప్పుకొనుచున్నారు. రాజ్యమునకు వర్తకుడు ఇచ్చు సొమ్ము ఇట్లు పదిమంది నోట చెప్పుకొనదగినదై యుండవలెను.

రెండవ పరీక్ష నాలుకది. 18 పాపస్థానములలో అభ్యాఖ్యానము, పైశున్యము, పరపరివాదము అను మూడును ఇతరులను గూర్చి ఆడు మాటలవే. నాయకుని కుమార్తె ఎవరితో తిరుగుచున్నది, ఆతని భార్య ఏల పుట్టింటనున్నది అను మాటలు నేడు చేతిలోని ఫోను ద్వారా క్షణములో వేయి ఇండ్లకు పోవుచున్నవి. నిజమో కాదో తెలియకయే ప్రక్కవానికి పంపుచున్నారు. ఒకడు అనని మాటను అన్నట్లు బొమ్మలు, గొంతులు సహా కల్పించు యంత్రములు వచ్చినవి. ఇది నేటి కూటలేఖక్రియ. పంపినవానికి వ్రాసినవానితో భాగము కలదు. అట్టిది వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఇది నిజమా? ఇది ప్రజల న్యాసమునకు సంబంధించినదా? దీనిని నాలుగురిలో నిలబడి, నా పేరుతో చెప్పగలనా? మూడింటికిని ఔననిన చెప్పవలెను. అప్పుడు భయపడి ఊరకుండుటయే దోషము. ఒక్కదానికైన కాదనిన అక్కడనే ఆపవలెను.

ఆనందుని కథ చివరిభాగముతో ఈ మాటలు ముగించుట ఉచితము. అనేక సంవత్సరములు వ్రతములు పాలించి, ఆనందుడు అంత్యకాలమున సంలేఖన పట్టియుండెను. ఆతనికి అవధిజ్ఞానము కలిగెను. భగవానుని ప్రథమ గణధరుడైన గౌతమస్వామి చూడవచ్చినప్పుడు, తాను చూడగలిగిన మేర ఇంతని ఆనందుడు చెప్పెను. గృహస్థునికి అంతటి జ్ఞానము కలుగదు, ఇట్లు పలికినందులకు ప్రాయశ్చిత్తము చేసికొనుమని గౌతముడనెను. ఆనందుడు వినయముతో, "స్వామీ, ప్రాయశ్చిత్తము సత్యము పలికినవానికా, కానిది పలికినవానికా?" అని అడిగెను. గౌతముడు సందేహముతో భగవానునివద్దకు వెళ్లెను. భగవానుడు, "ఆనందుడు చెప్పినది నిజము. పొరబడినది నీవు. వెళ్లి క్షమాపణ వేడుము" అనెను.

పదునాలుగు వేల సాధువులలో అగ్రగణ్యుడు, నాలుగు జ్ఞానములు కలవాడు ఆ గౌతముడు. శిష్యుని పొరపాటును కప్పుట భగవానునికి కష్టము కాదు. గురువు గౌరవమునకు భంగమని గౌతముడు జాగుచేయనులేదు. వెంటనే వెనుకకు నడచి, పడకలోనున్న ఒక గృహస్థుని ఎదుట క్షమాపణ చెప్పెను. దానివలన ఆయన గౌరవము తగ్గలేదు. నేటికిని ప్రతి శుభకార్యమునకు మొదట ఆయన నామమునే తలచుచున్నారు.

సంవత్సరమునకు ఒకసారి క్షమాపణ దినమున ప్రతి జైనుడును ఇంటింటికి వెళ్లి చేతులు జోడించును. ఆనాడు ఆ చేతులు గత ఏటి లెక్కను కూడ తెలిసికొనవలెను. రహస్యముగా ఇచ్చినది ఎంత, నోట జారిన గుట్టులు ఎన్ని, మరచినవానికి తక్కువ ఇచ్చి పంపినది ఎన్నిమార్లు? తన చిట్టా శుద్ధిగా వ్రాసికొన్నవానికి, నాయకుని ఎదుట నిలబడి "మా న్యాసము ఎంత మిగిలినది?" అని అడుగుటకు గొంతు వణకదు.

జై జినేంద్ర.